మిస్సోరి ఒడ్డున ముంపు గీత

మేం తిరిగొచ్చిన ఆదివారం గుడికి వెళ్తే, భోజనాల లైన్లో నా వెనక నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్లూ ఒకేసారి అడిగారు, "ఎట్లా జరిగింది ట్రిప్?" అని. చేతిలో ప్లేటు పట్టుకుని పులిహోర గిన్నె ముందు నిలబడి ఏం చెప్తాను? "బాగా జరిగింది" అన్నాను. వాళ్లలో ఒకావిడ, "మేమూ వచ్చే ఏడు రిటైర్ అవుతున్నాం, ఆర్‌వీ కొందామని చూస్తున్నాం. అన్నీ కాస్త రాసిపెట్టండి సుభద్ర గారూ, ఉపయోగపడుతుంది" అంది.

అందుకని రాస్తున్నాను. ఆర్‌వీ కొనాలో వద్దో మాత్రం ఇందులో తేలదు. మేం తిరిగిన పదకొండు రోజుల్లో నేను ఎనిమిది రోజులు కోపంగా ఉన్నాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దాన్ని తీసేసి రాస్తే మిగిలేవి గ్యాస్ స్టేషన్ల పేర్లే.

మా ఆయన శ్రీహరి. సివిల్ ఇంజనీరు, ఇల్లినాయి రోడ్ల మీదా వంతెనల మీదా ముప్ఫై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్లు రక్తాలు పరీక్షించాను. ఇద్దరిదీ కర్నూలు జిల్లా. మా పిల్ల పెళ్లయి ఫ్రీమాంట్‌లో ఉంటుంది. పోయిన మార్చిలో ఆయన నన్ను అడక్కుండా ఇరవై ఎనిమిది అడుగుల ఆర్‌వీ ఒకటి కొని డ్రైవ్‌వేలో నిలబెట్టాడు. అందులో మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూము, ఒక మనిషి నిలబడితే రెండో మనిషి కూర్చోవలసినంత నడవా ఉన్నాయి. "నువ్వేం చెయ్యనక్కర్లేదు, డ్రైవింగంతా నేనే" అన్నాడు. నా కోపం అసలు అక్కడే మొదలైందేమో.

అయోవా: గొట్టం

మొదటి రెండు రోజులు మొక్కజొన్న తప్ప ఇంకేమీ చూడలేదు. అయోవాలో రోడ్డుకు అటూ ఇటూ అదే. పొలం గట్టున ఒక బల్ల, దాని మీద పొత్తులు, పక్కన ఒక డబ్బా. అమ్మే మనిషి లేడు. డజను ఆరు డాలర్లు, మీరే వేసి మీరే తీసుకోండి అని అట్టముక్క మీద రాసి ఉంది. ఆ నమ్మకం చూసి నేను ముచ్చటపడుతుంటే, మా ఆయన ఆ డబ్బాను నేలకు ఎట్లా బిగించారో వంగి పరీక్షించాడు.

రెండో రోజు సాయంత్రం, ఒక్కో బండికీ ఒక్కో సైటు ఇచ్చే క్యాంప్‌గ్రౌండ్‌లో దిగితే మొదటి పరీక్ష ఎదురైంది. ఆర్‌వీలో టాయిలెట్ కింద ఒక ట్యాంకు ఉంటుంది. అది నిండాక లావుపాటి గొట్టం తగిలించి, నేలలో ఉన్న కన్నంలోకి వదలాలి. వెనకనుంచి నేను, "ఆ క్లాంపు సరిగ్గా పడినట్టు లేదండీ" అన్నాను.

"హైడ్రాలిక్స్ నాకు చెప్తావా సుభద్రా?" అని ఆయన వాల్వు లాగాడు.

గొట్టం ఊడింది. ఆయన కొత్త బూట్లు, నా చెప్పులు, రెండు సైట్ల మధ్య గడ్డి, అన్నీ పోయాయి. పక్క సైట్లోని పెద్దాయన, డేల్ అట, పందుల రైతుగా చేసి మానేశాడట, కుర్చీలోంచి లేచి వచ్చాడు. నవ్వలేదు. రబ్బరు తొడుగులు వేసుకుని, తన గొట్టం తెచ్చి తగిలించి, మోకాళ్ల మీద కూర్చుని ఆ నేలంతా కడిగాడు. మా అశుద్ధం అది. పరాయి మనిషి కడుగుతుంటే మేమిద్దరం బకెట్లు అందిస్తూ నిలబడ్డాం. చిన్నప్పుడు మా ఇంట్లో ఈ పని ఎవరిచేత చేయించేవాళ్లమో, ఆమెను వాకిలి దాటి ఎందుకు రానిచ్చేవాళ్లం కాదో గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున ఉగ్గాని చేసి డేల్‌కి ఒక గిన్నెడు ఇచ్చాను. బొరుగులు నానబెట్టి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా తాళింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. మా కర్నూలు వైపు పొద్దుటి టిఫిను. ఆయన నుదురు తుడుచుకుంటూ తిన్నాడు, ఇంకొంచెం ఉందా అని అడిగాడు. ఈ ప్రయాణంలో నాకు కోపం రాని మూడు రోజుల్లో అదొకటి.

సౌత్ డకోటా: తాళింపు వాసన

నాలుగో రోజు మధ్యాహ్నం మిస్సోరి నది దగ్గరికి చేరాం. నది అంటున్నాను గానీ అక్కడ అది నది కాదు. డ్యామ్ కట్టాక నిండిన నీళ్లు. అటు ఒడ్డు కనిపించీ కనిపించనట్టుంది. పడవలు, చేపల గాలాలు, కుక్కలు, మడత కుర్చీలు. క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రికి నలభై ఎనిమిది డాలర్లు, కరెంటూ నీళ్లూ కలిపి.

తాళింపు వేసిన పది నిమిషాలకు గోల్ఫ్ కార్టులో మేనేజరు వచ్చాడు. వాసన గురించి ఎవరో కంప్లెయింట్ చేశారట, కిటికీలు మూసుకుని వండుకుంటే అందరికీ బాగుంటుందట. అతను ఆ మాట చెప్తున్నప్పుడు అతని వెనక మూడు సైట్లలో మాంసం కాలుతోంది. ఆ పొగ తిన్నగా నా కిటికీలోకే వస్తోంది.

"ఆ పొగకు కూడా కంప్లెయింట్ రాసుకోండి, నేనే ఇస్తున్నాను" అన్నాను.

మా ఆయన నా భుజం మీద చెయ్యేసి అతనితో, "నో ప్రాబ్లం, వి విల్ క్లోజ్" అన్నాడు. అతను వెళ్లాక నాతో, "పోనీలే. అడ్జస్ట్ అవుదాం. రెండు రోజులే కదా" అన్నాడు.

ఈ "పోనీలే" నేను ముప్ఫై ఎనిమిదేళ్లుగా వింటున్నాను. ఆఫీసులో ఆయన ప్రమోషన్ వేరేవాడికి ఇచ్చినప్పుడు పోనీలే. ఆయన అక్క నన్ను నలుగురిలో అవమానించినప్పుడు పోనీలే. కిటికీలు తెరిచిపెట్టి ఇంకో నాలుగు ఎండుమిరపకాయలు నూనెలో వేశాను.

సాయంత్రం ఒంటరిగా నీళ్ల దాకా నడిచాను. ఆ ఏడు నీళ్లు కాస్త దిగాయట. ఒడ్డుకు దూరంగా నీళ్లలోంచి చెట్ల మొద్దులు నల్లగా వరసగా లేచి ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ నేల ఉండేదన్నమాట.

మా ఊరు నందిమడుగు. కృష్ణ ఒడ్డు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. నేను కర్నూల్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. సెలవులకు వెళ్దామంటే వెళ్లడానికి ఊరు లేదు. మట్టి మిద్దెలన్నీ కూలగొట్టారు, మా నాయనా అమ్మా రోడ్డు పక్కన వేసిన కాలనీలో రేకుల కింద ఉన్నారు. తర్వాత ఒక ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు మా నాయన నన్ను తీసుకుపోయి చూపించాడు. బురదలో గోడల మొదళ్లు ఇట్లాగే వరసగా ఉన్నాయి.

డ్యామ్ దగ్గర: ఒక బొమ్మ కింద ఒక మాట

మర్నాడు డ్యామ్ చూడ్డానికి వెళ్లాం. మా ఆయనకు అది తీర్థయాత్ర. గేట్లు, టర్బైన్లు, మట్టికట్ట పొడవు, అన్నీ అడిగి తెలుసుకుని నోట్స్ రాసుకున్నాడు. పన్నెండు నిమిషాల సినిమా వేశారు. వరదలు ఆగాయి, కరెంటు వచ్చింది, చేపలు పెరిగాయి, పడవలు వచ్చాయి. మనిషి అన్న మాట ఒక్కసారి వినిపించింది, అదీ చేపలు పట్టే మనిషి గురించి.

బయటికొచ్చే దారిలో గోడ మీద పాత ఫొటో ఉంది. నది మలుపు, చెట్లు, రెండుచోట్ల సన్నటి పొగ. కింద, "సరస్సుకు ముందు ఖాళీగా ఉన్న పల్లపు భూములు" అని రాసి ఉంది.

కౌంటరు దగ్గర యూనిఫాంలో ఇరవై ఏళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. "ఖాళీగా ఉంటే పొగ ఎక్కణ్నుంచి వస్తోంది?" అని అడిగాను.

ఆమె వచ్చి ఫొటో చూసింది. "నేనెప్పుడూ గమనించలేదు మేడమ్" అంది.

"రోజూ దీని పక్కనే కూర్చుంటారు కదా?"

"సుభద్రా, ఆ పిల్లేం చేస్తుంది, వదిలెయ్" అన్నాడు మా ఆయన తెలుగులో.

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి, "వంతెన దాటితే రిజర్వేషన్ వస్తుంది. అక్కడ కమ్యూనిటీ హాల్లో లోరెన్ అని ఒకావిడ ఉంటారు. బుధవారాలు లంచ్ పెడతారు, ఎవరైనా వెళ్లచ్చు. మీరు అడిగింది ఆవిడకు తెలుసు" అంది. రిజర్వేషన్ అంటే ఇక్కడి ఆదివాసులకు ప్రభుత్వం కేటాయించిన నేల. ఆ రోజు బుధవారమే.

వంతెనకు అవతల: లోరెన్

హాలంటే ఒక పెద్ద రేకుల షెడ్డు, బయట కంకర వేసిన పార్కింగ్. లోపల పొడవాటి బల్లలు, కాఫీ వాసన. లోరెన్‌కి డెబ్భై ఎనిమిదేళ్లు. లకోటా తెగ మనిషి. బళ్లో వంటమనిషిగా చేసి మానేసింది. పొట్టిగా, గట్టిగా, తెల్ల జడతో ఉంది. ముందు మాకు ప్లేట్లు ఇచ్చింది. ఉబ్బిన వేయించిన రొట్టె, దాని మీద నల్లటి అడవిపళ్లు ఉడకబెట్టిన చిక్కటి పాకం. దాన్ని వోజాపి అంటారట. మన పూరీలో మైదా పిండి ఎక్కువై, దాని మీద నేరేడుపళ్ల గుజ్జు పోసుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. నేను రెండు తిన్నాను. డబ్బు తీసుకోలేదు.

రెండు బల్లలు కలిపి దాని మీద పెద్ద కాగితం పరిచి ఉంది. మునిగిపోయిన తమ ఊరి మ్యాపు. బతికున్న ముసలివాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, ఎవరిల్లు ఎక్కడుండేదో అడిగి గీస్తున్నారు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానితో కలవడం లేదు. పక్కన పాత ప్రభుత్వ సర్వే మ్యాపులు ఉన్నాయి గానీ వాటిని చదవడం వాళ్లలో ఎవరికీ రాదు.

"ఎనిమిదేళ్లు నాకు" అంది లోరెన్. "చలికాలం. ఉన్న చెట్లన్నీ కొట్టేశారు. మమ్మల్ని పైన మెట్ట మీదికి తెచ్చారు, అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. కింద ఏటి ఒడ్డున ఎలుకలు బొరియల్లో చిక్కుళ్లు దాచుకునేవి. మా అమ్మ వాటిని తవ్వి తెచ్చేది. తెచ్చిన ప్రతిచోటా బదులుగా మొక్కజొన్న గింజలు పెట్టి వచ్చేది, ఎలుకలు పస్తుండకూడదని. పైకొచ్చాక ఆ చిక్కుళ్లూ లేవు, ఆ ఎలుకలూ లేవు. ప్రభుత్వం డబ్బాల్లో పంపిన సరుకు తిన్నాం. ఆ తర్వాతే మా వాళ్లకు షుగర్లు."

సర్వే మ్యాపు మీద వంకరటింకరగా ఎర్రగీత ఒకటుంది. దాని మీద వేలు పెట్టి, "ఇంతవరకూ నీళ్లు వస్తాయని ఒకతను గీశాడు. వచ్చి మా ఇంటి గోడకు రంగు వేసి వెళ్లాడు. ఏం మనిషో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఇంటికెళ్లి భోజనం ఎట్లా చేశాడో" అంది.

నేను వోజాపి వేలితో తుడుచుకుని నాకుతున్నాను. నా పక్కనుంచి మా ఆయన, "మామూలుగానే చేస్తాడు" అన్నాడు ఇంగ్లీషులో.

లోరెన్ తలెత్తింది.

"నేను ఆ పని చేశాను. ఇండియాలో. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు. లెవెల్ చూసి గీత పెట్టేవాళ్లం, గోడలకు నంబర్లు వేసేవాళ్లం. రెండేళ్లు. మామూలుగానే భోంచేశాను."

"ఏ ఊళ్లు?" అని అడిగింది లోరెన్. ఆమెకు ఆ పేర్లు తెలియవు, అయినా అడిగింది.

ఆయన వేళ్లు మడుస్తూ చెప్పాడు. మూడో వేలు మడిచినప్పుడు నందిమడుగు అన్నాడు.

మా గోడ మీద ఆ నంబరు నాకు తెలుసు. తెల్లసున్నం మీద ఎర్రటి గేరు రంగుతో వేశారు. పెళ్లిచూపుల్లో మా నాయన అడిగిన ప్రశ్నా తెలుసు. కాలనీ రేకుల కింద, బంధువులందరి ముందు, "మీరు ప్రాజెక్టు పనిలో ఉన్నారా బాబూ?" అని అడిగాడు. ఈయన, "లేదండీ, కాలువల సెక్షన్" అన్నాడు. ఆ మాట మీద నన్నిచ్చాడు. ఆ మాట నమ్ముకునే పోయాడు.

నేను లేచి ప్లేటు కడిగి పెట్టాను. బల్ల మీదున్న ఆర్‌వీ తాళాలు తీసుకుని బయటికొచ్చేశాను.

పధ్నాలుగు మైళ్లు

అంతకుముందు ఆ బండి నేను ఒక్క అడుగైనా నడపలేదు. సీటు ముందుకు లాక్కుని స్టార్ట్ చేశాను. తలుపు కింది మెట్టు లోపలికి మడవాలని గుర్తు లేదు. పార్కింగ్ చివర ఇనుప స్తంభానికి తగిలి వంకరపోయింది. వెనకనుంచి ఎవరో కేకేశారు. ఆగలేదు.

రోడ్డు తిన్నగా ఉంది. వెనక ఒక గడ్డి లారీ, నేను ముప్ఫై మైళ్ల వేగంతో పోతున్నా హారన్ కొట్టకుండా ఓపిగ్గా వచ్చింది. ప్రతి కుదుపుకూ వెనక ఏదో ఒకటి పడుతోంది. నేను ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా, మా ఊరి భాషలో, ఆయన్నీ ఆయన లెవెల్ మిషన్నీ ఆయన పోనీలేనూ తిట్టుకుంటూ పోయాను. అట్లాంటి మాటలు నా నోట్లోంచి వచ్చి నలభై ఏళ్లయి ఉంటుంది.

పధ్నాలుగు మైళ్ల తర్వాత నీళ్ల మీదికి చూసే ఎత్తయిన చోటు వస్తే ఆపాను. వెనక అల్మారా తెరుచుకుని బొరుగుల సంచి పగిలి నడవా నిండా చిందింది. చీపురు తీసుకుని ఊడ్చాను. ఊడుస్తుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఊడ్చాను. ఆయన బీపీ మాత్రల సీసా బొరుగుల్లోంచి దొర్లి నా కాలి దగ్గరికొచ్చింది. మధ్యాహ్నం మాత్ర వేసుకోలేదు. అది నాకు గుర్తుండటం చూసి ఇంకా మండింది.

బండి వెనక్కి తిప్పడానికి పావుగంట పట్టింది.

తిరిగి వెళ్లేసరికి నేను బయల్దేరి రెండున్నర గంటలైంది. ఆయన కంగారుగా రోడ్డు మీద నిలబడి ఉంటాడనుకున్నాను. లేడు. లోపల లోరెన్ పక్కన మ్యాపు మీద వంగి పెన్సిల్‌తో గీస్తున్నాడు. ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు చదివి, బడి ఇక్కడుంటే చర్చి ఇక్కడికి రాదని, అది ఆ గట్టు మీద ఉండాలని ఆమెకు చెప్తున్నాడు. ఆమె అవునవునంటోంది.

"నేను పోతే పోయినానని ఇక్కడ కూర్చొని బొమ్మలు గీస్తాండారా?" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "వస్తావని తెలుసు సుభద్రా."

"ఎట్లా తెలుసు?"

మాత్రల సీసా బల్ల మీద పెట్టాను.

లోరెన్‌కు తెలుగు రాదు గానీ అంతా అర్థమైంది. నాతో, "మీకు ఇతని మీద కోపం ఉంటే ఉండనివ్వండి. నన్నడిగితే ఉండాల్సిందే. కానీ రేపు కూడా తీసుకురండి. ఇతని చేతులతో నాకు పనుంది" అంది.

రెండు రోజులు, ఒక కాగితం

రెండు రోజులు ఆగుదామనుకున్నచోట నాలుగు రోజులయింది. పొద్దున నేనే డ్రైవ్ చేసి ఆయన్ని హాలు దగ్గర దింపేదాన్ని. నేను పలకలేదు. రెండో రోజు ఒక్కదాన్నే బండిలో కూర్చోలేక లోపలికి వెళ్లి లోరెన్‌తోపాటు పిండి కలిపాను.

"సారీ చెప్పాడా?" అని అడిగింది.

"మొన్నటినుంచి పదిసార్లు."

"ఏమైనా పనికొచ్చిందా?"

"లేదు."

"మాకు ఒకసారి ప్రభుత్వం తరఫున ఒకాయన వచ్చి చెప్పాడు. మంచి సూట్ వేసుకొచ్చాడు" అంది. ఇద్దరం నవ్వాం. పిండి చేతులతో నవ్వుతుంటే బల్ల దగ్గర్నుంచి శ్రీహరి ఆశగా చూశాడు. వెంటనే నవ్వు ఆపేశాను.

ఆ రెండు రోజుల్లో నలభై మూడు ఇళ్లు మ్యాపు మీదికి ఎక్కాయి. ముసలివాళ్లు కర్రలు పట్టుకుని వచ్చి తమ ఇంటి గడి మీద వేలు పెట్టుకున్నారు. ఒకాయన చాలాసేపు వేలు తియ్యలేదు. ఆ పెద్దాయన మా ఆయన భుజం తట్టి థాంక్యూ అన్నాడు. అది చూసి నా ఒళ్లు మండిపోయింది. ఈ పని ముప్ఫై ఎనిమిదేళ్లలో మా నాయనకు ఎందుకు చేసిపెట్టలేదు?

ఆ సాయంత్రం క్యాంప్‌గ్రౌండ్‌లో, ఇంకా వెలుతురుండగానే, ఆయన ముందు తెల్లకాగితం పెట్టాను. "మా ఊరు గీయండి" అన్నాను.

ఆయన పెన్సిల్ తీసుకుని నది వంపు గీశాడు. బడిగోడ మీద లెవెల్ గుర్తు పెట్టినచోటు చుక్క పెట్టాడు. ముంపు గీత గీశాడు, అది మాత్రం ఎక్కడా ఆగకుండా. తర్వాత ఆగిపోయాడు.

"గీయండి."

"గుర్తు లేదు సుభద్రా. మీ వైపు నెలన్నరలో పదిహేడు ఊళ్లు చేసినాం. అన్నీ ఒకటే మాదిరుండె. మిద్దెలు, సందులు..."

"మా ఇల్లు?"

"తెలీదు."

"మా నాయన అడిగినప్పుడు ఎందుకు అబద్ధం చెప్పినారు?"

"నిజం చెప్తే నిన్ను ఇచ్చుంటాడా?"

"ఇచ్చుండడు."

"అందుకే."

"అది ఆయన తేల్చుకోవాల్సిన మాట. మీరెవరు దాన్ని తేల్చడానికి?" అన్నాను. నా గొంతు ఎంత లేచిందంటే పక్క సైట్లో కుక్క మొరిగింది. "దాచినందుకు మిమ్మల్ని ఎప్పటికైనా క్షమిస్తానేమో. మా గోడకు నంబరేసి, ఆ గోడ ఎట్లుండిందో కూడా మరిచిపోయినారే, దానికేం చెయ్యాల?"

ఈసారి ఆయన పోనీలే అనలేదు. కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, కళ్లజోడు ముక్కు మీదికి జారింది. నాకు జాలి వేయాలేమో. వేయలేదు.

తిరుగు దారి

వంకర మెట్టును తాడుతో కట్టి బయల్దేరాం. అరోరాలో మా ఇంటి దాకా నేనే నడిపాను. ఆయన పక్కన కూర్చుని ఒక్కసారి కూడా ఇటు తిప్పు, అటు తిప్పు అనలేదు.

అయోవాలో ఒక రెస్ట్ ఏరియాలో భోజనానికి ఆగాం. పెరుగన్నం, ఆవకాయ. సిమెంటు బల్ల మీద ఆ కాగితం తీసి నేనే గీయడం మొదలుపెట్టాను. నాకు గీయడం రాదు. సందు గీస్తే పాములా వచ్చింది. ఆయన ముందుకు వంగి, "ఇది ఎవరిల్లు?" అని అడిగాడు.

"వడ్ల సుబ్బయ్యది."

ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆ గడిలో పేరు రాశాడు. "ఇది?"

"టైలరు మస్తానుది. దాని వెనకది చాకలి ఈరమ్మది. ఇది మాది. మా తలుపు తూర్పుకుంది, ఇట్ల గాదు, ఇట్ల."

గంటన్నరలో ఇరవై తొమ్మిది పేర్లు చెప్పాను. బడి పక్కిల్లు వచ్చింది. నీలం తలుపు. బడి వదిలాక ఆ ఇంటావిడ మాకు బెల్లం ముక్కలు పెట్టేది. ఆమె చేతి మట్టిగాజుల చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. పేరు రాలేదు. ఎంత తవ్వినా రాలేదు.

ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు ఎదురుచూశాడు. నేను ఆయన మొహం చూడలేక లారీల వైపు చూశాను. నిన్నటిదాకా ఏ మాటతో ఆయన్ని పొడిచానో ఆ మాట నాకే తగిలింది. అయినా ఆయన దాన్ని ఎత్తి చూపలేదు. చూపించి ఉంటే అక్కడే దింపేసి వచ్చేదాన్ని.

ఇంటికొచ్చి మూడు వారాలైంది. కాలనీలో ఇంకా ఉన్న మా ఊరివాళ్ల నంబర్లు మా పెద్దమ్మ కొడుకు పంపాడు. మొత్తం పధ్నాలుగు. రోజూ పొద్దున కాఫీ తాగాక శ్రీహరి వంటింట్లో నిలబడి ఒక్కొక్కరికి ఫోన్ చేస్తున్నాడు. నేను చెయ్యమనలేదు, ఆయనే మొదలుపెట్టాడు. ఫోన్ ఎత్తగానే తన పేరు కన్నా ముందు, "ఆ కాలంలో మీ గోడలకు నంబర్లేసిన ఇంజనీరును నేనే" అని చెప్తాడు. నందిమడుగు అల్లుణ్నని ఆ తర్వాత చెప్తాడు. అప్పుడు నీలం తలుపు ఇంటావిడ పేరు అడుగుతాడు. ఇంతవరకూ ఆ పేరు దొరకలేదు.

నిన్న ఒకాయన ఆ మొదటి మాట వినగానే అందుకున్నాడు. నేను బీన్స్ తరుగుతూ చూస్తున్నాను. మా ఆయన ఐదు నిమిషాలు చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని నిలబడ్డాడు. మధ్యలో రెండుసార్లు "అవునండీ" అన్నాడు. ఫోన్ పెట్టేశాక మొహం పాలిపోయింది.

"తిట్టినాడు" అన్నాడు.

"ఏమని?"

ఆయన ఒక్క మాట కూడా మింగకుండా అన్నీ తిరిగి చెప్పాడు. మా ఊరి తిట్లు. నేను కత్తి పక్కన పెట్టి చివరిదాకా విన్నాను.

"ఇంకా ఆరు నంబర్లుండాయి" అన్నాను. "చెయ్యండి."